ఆరు తుపాకుల్లో ఒకటి

ఎన్నికలు వచ్చాయంటే మా వీధిలో ఒక వేడుక ఉంటుంది. లైసెన్సు తుపాకులున్న రైతులంతా వాటిని పోలీస్‌స్టేషన్‌లో అప్పజెప్పి, ఓట్ల లెక్కింపు అయ్యాక తిరిగి తెచ్చుకోవాలి. మా పక్కింటాయనకు రెండున్నాయి. ఒకటి వాళ్ల నాన్నది, ఇంకోటి తను కొన్నది. చెనిక్కాయ చేలోకి అడవిపందులు రాకుండా కాల్చడానికని లైసెన్సు. నేనెరిగినంతలో ఆయన పందిని కాదు గదా పిల్లిని కూడా కాల్చలేదు. మొన్న రెండింటినీ గోనెపట్టాలో చుట్టుకొచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

"అక్కా, ఈసారి ఒకదాన్ని వదిలించుకుందామనుకుంటాండా. లైసెన్సు తిప్పలు పడలేకపోతాండా. రెండిట్లో ఏది ఉంచుకునేది, నువ్వు చెప్పు," అన్నాడు.

కాఫీ తెస్తానని లోపలికి పోయాను. తుపాకుల విషయంలో సలహా ఇవ్వకూడదని నాకు పదేళ్ల వయసులోనే తెలిసింది. ఆయన పట్టా విప్పినప్పుడు నూనె వాసన వంటింటి దాకా వచ్చింది. కిరోసిన్ కాదు, మిషన్ నూనె కాదు, రెండింటికీ మధ్య రకం. ఆ వాసన తగిలితే నాకు ఈ ఊరు గుర్తుకు రాదు. ధైద్ గుర్తుకొస్తుంది.

మేము దూదేకులవాళ్లం. సాయిబులమే గానీ ఇంట్లో తెలుగే. మా తాత పరుపులకు దూది ఏకేవాడు. ఆ పని నాయనకు అబ్బలేదు, లారీ పట్టాడు. లారీ నుంచి ఎవరినో పట్టుకుని గల్ఫ్ చేరి, ధైద్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా కుదిరాడు. ఆ ఇంటి ఆడవాళ్లకు బట్టలు కుట్టే మనిషి కావాలంటే అమ్మను పిలిపించాడు, అమ్మతోపాటు నన్ను. దుబాయ్ పోతున్నామని ఊరంతా చెప్పుకుని బయల్దేరితే, తీరా అది దుబాయ్ కాదు. షార్జా దాటి ఇసుకలో చాలాసేపు పోయాక ఖర్జూరపు తోటలు, వాటి మధ్య సన్నటి నీటి కాలువ, మట్టిగోడలు, అక్కడక్కడా కొత్త సిమెంటు ఇళ్లు. అమ్మ జీపు దిగి చుట్టూ చూసి, "ఇదేనా దుబాయ్? దీనికంటే మన రాయచోటే మేలు," అంది.

పెద్ద ప్రహరీ. ముందు మగవాళ్లు కూర్చునే పెద్ద గది, మజ్లిస్. వెనక ఆడవాళ్ల వైపు. ఇంకా వెనక, మేకల దొడ్డి పక్కన, మా రెండు గదులు. పొద్దున్నే మజ్లిస్ నుంచి యాలకుల కాఫీ మరిగే వాసన వచ్చేది, మధ్యాహ్నం ఆడవాళ్ల వైపు నుంచి ఊద్ పొగ. మా వైపు మాత్రం రోజంతా మేకలే.

ఇంటి పెద్దను నాయన అర్బాబ్ అనేవాడు, యజమాని అని. బక్కపలచని ముసలాయన. ఒక కంట్లో పువ్వు. కోపం వస్తే కర్ర నేలకేసి కొట్టేవాడు గానీ ఎవరి మీదా ఎత్తడం నేను చూడలేదు. ఆయన ప్రాణమంతా వేట మీదే. చలికాలం రాగానే నాయన లాండ్‌రోవర్ తీసేవాడు. ముందు సీట్లో ముసలాయన, ఒళ్లో తుపాకీ. కుందేళ్లు, ఎప్పుడైనా జింక. వాళ్లు తుపాకీని తుఫగ్ అంటారు. మన మాటే ఎవడో పట్టుకొచ్చి ఇక్కడ పారేశాడని నాయన నవ్వేవాడు. మేము వెళ్లేనాటికే వేట అడుగంటింది. చాలాసార్లు ఖాళీ చేతులతో తిరిగొస్తూ, ఆడవాళ్లు నవ్వుతారని దారిలో కోళ్లు కొనుక్కొచ్చేవాళ్లు.

వెళ్లిన మొదటి వారమే నాయన మాకు ఒక బుద్ధి చెప్పాడు.

"వాళ్లింట్లో దేన్నీ బాగుందని అనొద్దండి. అన్నారా, ఎత్తి చేతిలో పెడతారు. వద్దంటే తలకొట్టేసినట్టు బాధపడతారు."

అమ్మ నమ్మలేదు. మరునాడే పెద్దావిడ కాఫీ కూజాను చూసి, మన ఊరి అలవాటున, భలే ఉందే అంది. ఆ సాయంత్రానికి కూజా మా గదిలో ఉంది. అమ్మ బిక్కమొహం వేసింది. నేను మాత్రం ఇదేదో బాగుందనుకున్నాను. ముసలాయన మనవరాలు నా ఈడుదే. దాని హల్వా బాగుంది, నాకొచ్చింది. దాని తల రిబ్బను బాగుంది, నాకొచ్చింది. చివరికి దాని మేకపిల్ల ఎంత ముద్దుగా ఉందో అన్నాను. అది ఏడుస్తూనే పిల్లను తెచ్చి నా చేతిలో పెట్టింది. అమ్మ నాకు రెండు తగిలించి, మేకపిల్లను చంకనేసుకుని తిరిగివ్వబోయింది. పెద్దావిడ తీసుకోలేదు. పిల్ల మాట ఇచ్చింది, ఖలాస్, అంది. ఆ మేక మా దగ్గరే పెరిగి, అమ్మ ఉతికి ఆరేసిన చీరల కొంగులన్నీ తినేసింది.

అలా ఉండగా ఒక చలికాలం ముసలాయన పెద్దకొడుకు పట్నం నుంచి ఒక వార్త తెచ్చాడు. అతను షార్జాలో ఏదో ఆఫీసులో పని చేసేవాడు. ఇకమీదట ఇంటికి రెండు తుపాకులకు మించి ఉండకూడదట. మిగతావి రంజాన్ నెల రాకముందే పోలీసులకు అప్పజెప్పాలట. ఆ కాగితం మేమెవరం చూడలేదు.

"ఎవరు చెప్పారు?" అన్నాడట ముసలాయన.

"పైనుంచి వచ్చింది బాబా."

"పైన ఉన్నది అల్లా ఒక్కడే. ఆయన నాతో చెప్పలేదే."

కానీ కొడుకు ఊరుకోలేదు. ముసలాయనకు ఆరున్నాయి. ఆ రోజు నుంచి ముసలాయన సాయంత్రం అసర్ నమాజు కాగానే మజ్లిస్‌లో తివాచీ మీద ఆరింటినీ వరసగా పరిపించేవాడు. వచ్చినవాళ్లు కాఫీ తాగుతూ తలో మాట చెప్పేవాళ్లు. పెద్దకొడుకుది ఒకటే మాట. వెండి చెక్కిన పొడుగు తుపాకీ ఒకటి, కొత్తగా కొన్న జంట గొట్టాలది ఒకటి ఉంచాలి, గోడకు అందంగా ఉంటాయి, మిగతాదంతా ఇనుము. రెండో కొడుకు అన్న మాటే. పెద్దావిడ ఆడవాళ్ల వైపు నుంచే కబురు పంపింది. మనవలు ఎక్కువయ్యారు, తుపాకులు తక్కువవ్వాలి, ఒక్కటీ వద్దు అని. ముసలాయన సాయంత్రం రెండు తేల్చేవాడు, పొద్దునకు మనసు మార్చుకునేవాడు. ఒకరోజు మూడు ఉంచి, ఒకదాన్ని కర్ర అని చెబుదామన్నాడు.

ఆ ఆరింటిలో ఒకటి చూడ్డానికి బొత్తిగా బాగోదు. చెక్క నల్లబడింది. భుజానికి ఆనే చోట చీలితే తోలు చుట్టి ఉంది. ఆ తోలు కుట్టింది అమ్మే, గోతాలు కుట్టే సూదితో. నాయన వేటకు పోయినప్పుడు విన్న కథ మాకు చెప్పాడు. చమురు డబ్బులు రాకముందు, ఖర్జూరాలు ఎండిపోయిన కరువులో, ముసలాయనకూ ఆయన తమ్ముడికీ కలిపి ఆ ఒక్క తుపాకీయే ఉండేది. ఒక రోజు ఇతను, ఒక రోజు అతను. దొరికితే ఇంటిల్లిపాదీ తిన్నట్టు, లేకపోతే ఖర్జూరపు గింజలు నానబెట్టి మేకలకు పెట్టి ఆ పాలు తాగినట్టు. తమ్ముడు మశూచి వచ్చి పోయాడు. ఆ తర్వాత వచ్చిన ఐదూ డబ్బు తెచ్చిన తుపాకులు. ఈ కథ కొడుకులకూ తెలుసు. విని విని వాళ్లకు విసుగెత్తిపోయింది.

ముసలాయన కొడుకుల మాటకు ఒరుగుతున్నాడని నాయనకు అనుమానం వచ్చింది. రోజూ గదికి వచ్చి అదే మాట. "ఆ పిల్లోళ్లు మెరిసేటివి ఉంచుకోని అసలుదాన్ని పంపించేస్తారు. ముసలాయన బతకడు."

"నీకెందుకు? తుపాకులు ఆయనవి, కొడుకులు ఆయనవాళ్లు. నువ్వు బండి తోలు," అనేది అమ్మ.

నాయనకు తుపాకులంటే భయమూ లేదు, మోజూ లేదు. కానీ మనిషి మీద అభిమానం ఉంది. ఆరేడు చలికాలాలు ఆ ముసలాయన పక్కన బండి తోలాడు, ఒకే పళ్లెంలో తిన్నాడు.

ఆ సాయంత్రం కొండల వైపు నుంచి అతిథులు వచ్చారు. మజ్లిస్ నిండిపోయింది. నేనూ, ముసలాయన మనవరాలూ గుమ్మం దగ్గర కూర్చుని ఖర్జూరపు గింజలతో ఆడుకుంటున్నాం. తుపాకులు వరసగా ఉన్నాయి. అందరి సలహాలూ అయ్యాక ముసలాయన కర్రతో నాయన వైపు చూపించాడు.

"నువ్వు నాతో తిరిగినవాడివి. వీళ్లంతా కూర్చుని చెబుతున్నారు. నువ్వు చూసి చెబుతావు. ఏది ఉంచను?"

నాయన లేచి నిలబడ్డాడు. తోలు చుట్టిన ఆ నల్ల తుపాకీ మీద చెయ్యి పెట్టాడు. ఎన్నాళ్లనుంచో లోపల దాచుకున్న మాట కదా, గట్టిగానే వచ్చింది.

"ఏది పోయినా పోనీ అర్బాబ్, దీన్ని మాత్రం వదలకండి. ఇంత మంచి తుపాకీ నా జన్మలో ఇంకోటి చూడలేదు."

నాకు వెంటనే తెలిసిపోయింది, నా పక్కనున్న పిల్లకూ తెలిసిపోయింది. అది నా చెయ్యి పట్టుకుంది. నాయనకు మాత్రం ఇంకా తెలియలేదు. ఉంచుకోమని చెప్పానన్న తృప్తితో నిలబడి ఉన్నాడు. మాకు అంత జాగ్రత్త చెప్పిన మనిషి, ముసలాయన మీది బెంగలో ఆ సంగతే మరిచిపోయాడు.

ముసలాయన ఆ తుపాకీ వంక చూశాడు. తరువాత అతిథుల వంక చూశాడు. అందరూ విన్నారు. తుపాకీని రెండు చేతులా ఎత్తి నాయనకు అందించాడు. "ఇది నీది," అన్నాడు.

"లా, లా అర్బాబ్! నేను అందుకు చెప్పలేదు..."

నాయన వద్దన్నకొద్దీ అతిథులు మాషా అల్లా అంటున్నారు. పెద్దకొడుకు తల వంచుకుని గడ్డం గోక్కుంటున్నాడు. చివరికి ఎవరో నాయన చేతులు పట్టి తుపాకీ వాటిలో పెట్టారు. ముసలాయన చేతులు మాత్రం కాసేపు అలాగే, ఏదో మోస్తున్నట్టే గాల్లో ఉండిపోయాయి.

గదికి వచ్చాక అమ్మ తలుపు గడియ పెట్టింది.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈ ఊర్లో మంచినోరే ముంచుతాది."

"వదలొద్దని చెప్పినానే, ఇమ్మని అడిగినానా?"

"చెప్పింది చాల్లే. ఇప్పుడు దీన్ని యాడ పెట్టేది?"

అదే ప్రశ్న. పరాయి దేశంలో కూలికొచ్చిన మనుషులం. తుపాకీతో దొరికితే ముందు జైలు, తర్వాత విమానం. మా పాస్‌పోర్టులే మా దగ్గర ఉండేవి కావు, తుపాకీ మాత్రం ఉంది. అమ్మ ఆలోచించి, ఊరి నుంచి తెచ్చుకున్న బొంత కుట్లు విప్పింది. తుపాకీని దూదిలో కూరి మళ్లీ కుట్టేసింది. మా వంశంలో దూది చేసిన పెద్ద పని అదే. బొంత గోడవైపు నా పక్కన పరిచారు. కదిలితే గట్టిగా తగిలేది. దుప్పటికీ నా గౌనులకూ ఆ నూనె వాసన పట్టేసింది.

మరుసటి రోజు తెల్లవారుజామున నమాజు అయ్యాక నాయన ముసలాయన దగ్గరకు వెళ్లాడు. అర్బాబ్, దాన్ని మీరే ఉంచుకోండి అన్నాడు.

"నచ్చలేదా?"

"నచ్చింది అర్బాబ్."

"మరి?"

నచ్చలేదంటే అబద్ధమూ, అవమానమూ. నచ్చిందంటే నీదే. పోలీసుల సంగతి ఎత్తితే, నా ఇంట్లో ఉన్న మనిషిని పోలీసులు ముట్టుకుంటారా అని ముసలాయన కర్ర నేలకేసి కొట్టాడట. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునేవాడు మనిషే కాదని వాళ్ల మాట. మా మౌల్వీ సాబ్ కూడా అదే చెప్పేవాడు కాబట్టి నాయన తిరిగొచ్చేశాడు.

పెద్దకొడుకు దగ్గరకు పోతే అతనూ చేతులెత్తేశాడు. "బాబా నీకిచ్చాడు, నాకిచ్చాడా? నేను తీసుకుంటే ఆయన ముందు నిలబడగలనా?"

"పోలీసులు అడిగితే?"

"అడగకుండా చూసుకో."

ఇంతలో పెద్దావిడ అమ్మతో ఒక మాట చెప్పింది. గౌనుకు కొలతలు ఇస్తూ, మెల్లగా చెప్పిందట. ముసలాయన సరిగా తినడం లేదట. పడుకునే ముందు ఆ తుపాకీ వేలాడిన మేకును చేత్తో తడుముతాడట. అలవాటు కొద్దీ తడిమి, గుర్తొచ్చి, చెయ్యి తీసేసుకుంటాడట. అమ్మ ఆ మాట మాకు చెప్పి కన్నీళ్లు పెట్టుకుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పకూ విడిపించుకోవాలనే ఉంది, పాముకూ విడిచిపెట్టాలనే ఉంది. ఎలాగో ఎవరికీ తెలియడం లేదు.

ఆ శుక్రవారం దుబాయ్‌లోని సత్వా నుంచి దర్జీ మామ వచ్చాడు. నెల్లూరాయన. అక్కడ చిన్న గదిలో ఆరుగురితో కలిసి ఉంటూ బట్టలు కుట్టేవాడు. అమ్మను అక్కా అనేవాడు, నాయనను బావా అనేవాడు. కథంతా విని తొడ చరిచాడు.

"ఇంతేనా బావా? ముల్లును ముల్లుతోనే తియ్యాల. పెద్దాయన్ని మీ ఇంటికి భోజనానికి పిలువు. తుపాకీని గోడకి తగిలించు. కంటి ముందర కనబడతా ఉంటే మెచ్చుకోకుండా ఎట్టుంటాడు, ఆయనదే కదా. నోరు జారి బాగుందన్నాడా, ఎత్తి చేతిలో పెట్టెయ్. వద్దనడానికి ఆయనకి ఏ దారీ లేదబ్బా."

నాయన మొహం వెలిగింది. అమ్మ మొహమూ వెలిగింది. నేనైతే గంతులేశాను. ఆ ఇంట్లో నాకంటే ఆ ఆట ఎక్కువ ఆడినవాళ్లు ఎవరూ లేరు.

అమ్మ రెండు రోజుల ముందునుంచే మొదలుపెట్టింది. కోడి పులుసు, నేతి అన్నం, ఊరి నుంచి వచ్చిన చివరి చెనిక్కాయలతో ఊరిమిండి పచ్చడి. బెల్లం దొరక్క ఖర్జూరం మెత్తగా నూరి ఓళిగలు చేసింది. గదికి సున్నం కొట్టారు. బొంత కుట్లు విప్పి తుపాకీ తీసి, తుడిచి, ముసలాయన కూర్చునే చోటుకు సరిగ్గా ఎదురుగా మేకుకు తగిలించారు. సాక్షులుండాలని దర్జీ మామ పట్టుబడితే, ముసలాయన స్నేహితులు ఇద్దరిని కూడా పిలిచారు.

మరుసటి శుక్రవారం నమాజు అయ్యాక వచ్చారు. మా గుమ్మం చిన్నది, ముసలాయన వంగి లోపలికి వచ్చాడు. కూర్చోగానే ఆయన చూపు గోడ మీదికి పోయింది. వెంటనే దించుకున్నాడు. ఆ తర్వాత భోజనం అయ్యేదాకా తల ఎత్తలేదు.

పులుసు మూడుసార్లు వేయించుకున్నాడు, బాగుందనలేదు. ఓళిగ తిన్నాడు, ఇంకోటి తీసుకున్నాడు, అల్‌హందులిల్లా అన్నాడంతే. కొత్త సున్నం గురించి అనలేదు, అమ్మ కుట్టిన దిండు గలీబుల గురించి అనలేదు. నన్ను దగ్గరకు పిలిచి, పిల్ల బాగా సన్నగా ఉంది, చదువులో ఎలాగూ మొద్దే అయివుంటుంది అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ తలుపు చాటున పెదవి కొరుక్కుంటోంది.

దర్జీ మామ ఇక ఆగలేకపోయాడు. "అర్బాబ్, గోడ మీద చూడలేదా?" అన్నాడు హిందీలో.

ముసలాయన చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. గొట్టం చివర నుంచి అమ్మ కుట్టిన తోలు దాకా ఆయన కన్ను నెమ్మదిగా వచ్చింది. పెదవులు కదిలాయి. నాయన లేవడానికి సిద్ధంగా మోకాళ్ల మీదికి వచ్చేశాడు.

"పాతబడిపోయింది," అన్నాడు ముసలాయన. "కుడికి కొడుతుంది. బరువెక్కువ. ఇలాంటిదాన్ని నీకిచ్చినందుకు ఏమీ అనుకోకు."

స్నేహితులిద్దరూ అవునని తలలూపారు. చేతులు కడుక్కుని, సలాం చెప్పి వెళ్లిపోయారు. దర్జీ మామ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అమ్మ మాత్రం తన వంట నచ్చలేదని ఆ రోజంతా గిన్నెలు విసిరికొట్టింది. మర్నాడు పెద్దావిడ నవ్వి, అసలు సంగతి విడమరిచింది. ఉన్నవాడి ఇంట్లో ఏదైనా మెచ్చుకోవచ్చు. లేనివాడి ఇంట్లో అన్నం తినేటప్పుడు దేన్నీ మెచ్చుకోకూడదు. మెచ్చుకుంటే ఆ మనిషి ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేస్తాడు. అందుకే మొరటుగా మాట్లాడాలి. ఇంటికి వచ్చి మాత్రం ఆ పులుసు గురించే ముసలాయన రెండుసార్లు చెప్పాడట.

ఆ తర్వాత ఎవరికీ ఏ ఉపాయమూ తోచలేదు. రంజాన్ దగ్గరపడింది. ముసలాయన ఏవి ఉంచాలో తేల్చమంటే, మీ ఇష్టం అన్నాడు. అది లేని వరసలో ఏది ఉంటే ఆయనకేం. మెరిసేవి రెండూ మజ్లిస్ గోడకెక్కాయి. మూడు పోలీసులకు. అప్పగించే రోజు ముసలాయన తోటలోకి వెళ్లిన సమయం చూసి పెద్దకొడుకు మా గదికి వచ్చాడు. అధికారులు ఇల్లిల్లూ చూస్తారని పట్నంలో అనుకుంటున్నారట. "దాన్నీ తీసుకురా. మా వాటితో కలిపేస్తాను. బాబాకు చెప్పకు," అన్నాడు.

నాయన తుపాకీ తెచ్చి ఇచ్చాడు. భయమే గెలిచింది. తప్పని నేను అనను, మేము ముగ్గురం ఆ భయంలో బతుకుతున్నవాళ్లమే. లాండ్‌రోవర్ తోలింది కూడా నాయనే. ఠాణాలో ఒక గదిలో నేల మీద తుపాకులు కట్టెల్లా పోగేసి ఉన్నాయట. పోలీసు తోలు చుట్టినదాన్ని తీసి, ఇది పేలుతుందా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోగు మీదికి వేశాడట. ఆ రాత్రి నాయన అన్నం ముట్టలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మర్నాడు ముసలాయన నాయనను పిలిచి అడిగాడు.

"నీ తుపాకీ ఎలా ఉంది?"

"బాగుంది అర్బాబ్."

"నూనె రాస్తున్నావా? ఇసుక దూరుతుంది."

"రాస్తున్నాను."

ముసలాయన లోపలికి పోయి చిన్న సీసా తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు నుంచి అదే వరస. ఊరెళ్లిన కూతురు ఎలా ఉందని తండ్రి అడిగినట్టు అడిగేవాడు. గొట్టం లోపల గుడ్డ ఎలా తిప్పాలో చెప్పేవాడు, వర్షం పడితే గోడ నుంచి దింపమనేవాడు. సీసా అయిపోయిందా అని తనే అడిగి ఇంకోటి ఇచ్చేవాడు. నాయన రెండు చేతులతో తీసుకునేవాడు. గదికి తెచ్చి అల్మారాలో పెట్టేవాడు. కొన్నాళ్లకు చోటు చాలక అమ్మ కుట్టుమిషనుకు పోయడం మొదలుపెట్టింది. మిషను చప్పుడు లేకుండా నడిచేది. నాయన ఆ నడక వింటూ గోడ వైపు తిరిగి పడుకునేవాడు. నిజం చెప్పేయమని అమ్మ చాలాసార్లు అంది. ముసలాయనకు చెప్పాలంటే కొడుకును పట్టివ్వాలి. కొడుకును పట్టిస్తే వీసా అతని చేతిలో ఉంది. రోజులు అలాగే గడిచాయి.

కొన్నేళ్లకు పెద్దకొడుకు కొత్త కారు కొన్నాడు, దాంతోపాటు కొత్త డ్రైవరు వచ్చాడు. వేటా లేదు, లాండ్‌రోవరూ లేదు. మాకు ఖలాస్ చెప్పారు. బయల్దేరే రోజు మూటలన్నీ కారు మీదికెక్కాయి. ముసలాయన మనవరాలు వచ్చి నన్ను కావలించుకుంది. "తాత పొద్దుటినుంచి గోడ తుడుస్తున్నాడు. ఎవరినీ రానివ్వడం లేదు," అంది. నాకు అర్థం కాలేదు.

ముసలాయన కర్ర పోటేసుకుంటూ గేటు దాకా వచ్చాడు. నాయనను భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకుపోయాడు. ఆయన మొహంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు.

"విమానంలో తుపాకీ ఎక్కనివ్వరు కదా," అన్నాడు.

"ఎక్కనివ్వరు అర్బాబ్."

"మరి నీ తుపాకీ ఇక్కడ వదిలి వెళ్లాలి. నా దగ్గర అమానత్‌గా పెట్టి వెళ్లు. నీదే, నేను కాపలా ఉంటాను. నువ్వు తిరిగొచ్చిన రోజు ఇచ్చేస్తాను."

అమానత్ అంటే నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు. వెనక్కి తీసుకోవడం కాదు. అందులో ఏ అవమానమూ లేదు, ఎవరి మాటా పోదు. ఆ ముసలాయన ఇన్నేళ్లూ ఈ రోజు కోసమే ఎదురు చూశాడు. నూనె సీసాలన్నీ అందుకే. రెండు చేతులూ ముందుకు చాచి నిలబడ్డాడు.

నాయన గొంతు మాకు వినపడలేదు. పెదవులు మాత్రం కదిలాయి. లేదు, అని. పెద్దకొడుకు కారు తాళాలు చూసుకుంటున్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు ముసలాయన.

"ఆ ఏడే అర్బాబ్. నేనే అప్పజెప్పాను."

నాయన కొడుకు పేరు ఎత్తలేదు. ముసలాయన చేతులు కిందికి దిగాయి. కోప్పడతాడనుకున్నాను. కర్ర కూడా ఎత్తలేదు.

"మరి ఇన్నాళ్లూ నూనె తీసుకున్నావే?" అన్నాడు. నిజంగా అర్థం కాక అడిగాడు.

కారులో కూర్చున్న అమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మిషనుకు పోసినాం నాయనా. మీ ఇంటి గుడ్డలన్నీ దాంతోనే కుట్టినాం," అంది తెలుగులో.

"ఏమంటోంది?" అన్నాడు ముసలాయన.

"సలాం చెబుతోంది," అన్నాడు నాయన.

"వ అలైకుం సలాం," అని ముసలాయన మాకు దారి వదిలాడు.

మొన్న పక్కింటాయనకు కాఫీ ఇచ్చాను గానీ సలహా ఇవ్వలేదు. ముసలాయన ఎప్పుడు పోయాడో మాకు తెలియదు. నాయన పోయి చాలా ఏళ్లయింది. తప్పు ఎవరిదని ఎన్నోసార్లు ఆలోచించాను, ఎటూ తేలలేదు. ఆ ఇద్దరిలో ఒక్కడైనా కాస్త మర్యాద తక్కువ మనిషి అయివుంటే ఆ తుపాకీ ఆ గోడకే ఉండేది. ఇద్దరూ మంచివాళ్లు కావడంతో ఇద్దరికీ లేకుండా పోయింది.